ఇంగ్లీషు విశేషణాలు, వాటి సాటి మాటలు

ఇంగ్లీషులో రెండు విశేషణాలు పర్యాయపదాలు అంటే రెండూ ఒకటే అని కాదు. దగ్గరి చుట్టాలు అని మాత్రమే. కష్టమైన విశేషణాలు నేర్చుకునేవారు తడబడేది ఇక్కడే. పుస్తకంలో ఒక మాటకు ఎదురుగా అయిదు మాటలు ఉంటాయి. అయిదూ ఒకటే అనుకుని వల్లె వేస్తారు. తీరా వాక్యంలో పెట్టేసరికి ఒకటి అతుకుతుంది, నాలుగు అతకవు.

ఈ తేడా ఢిల్లీలో ఉండేవారికి ప్రతి చలికాలమూ అనుభవంలోకి వస్తుంది. గాలి నాణ్యత సూచీలో ఆరు మెట్లున్నాయి. ఆరింటికీ పేర్లు విశేషణాలే. 'గుడ్', 'శాటిస్‌ఫ్యాక్టరీ', 'మోడరేట్', 'పూర్', 'వెరీ పూర్', 'సివియర్'. నవంబరు వచ్చిందంటే ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్‌లలో పొద్దున లేస్తూనే చూసేది ఇవాళ ఏ మాట పడిందా అని. నిఘంటువు తీస్తే 'పూర్', 'సివియర్' రెండూ చెడ్డవే. కానీ సూచీ 400 దాటితేనే 'సివియర్' అంటారు. ఆ మాట పడిందంటే అత్యవసరం కాని కట్టడాల పనులు ఆపేస్తారు. 'పూర్' అంటే అంత దూరం వెళ్లదు. రెండు మాటలకీ మోతాదు వేరు. ఒకదాని బదులు ఇంకొకటి వేస్తే నగరంలో పనులే తారుమారవుతాయి.

కాబట్టి ప్రతి పర్యాయపదం దగ్గరా చూడవలసిన మొదటి సంగతి మోతాదు. రెండోది మొగ్గు. అంటే ఆ మాట మెచ్చుకోలు వైపు ఒరుగుతుందా, ఈసడింపు వైపు ఒరుగుతుందా అని. మూడోది పొత్తు. ఆ విశేషణం ఏ నామవాచకంతో కలిసి తిరుగుతుంది అని. మోతాదు, మొగ్గు, పొత్తు. వినేవారు ఈ మూడూ గుర్తు పెట్టుకుంటే మిగతా ప్రసంగమంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

మోతాదు సంగతి తేలిక. 'వార్మ్' కన్న 'హాట్' ఎక్కువ, 'హాట్' కన్న 'స్కార్చింగ్' ఎక్కువ. 'శాడ్' కన్న 'డిజెక్టెడ్' బరువు, దానికన్న 'డెస్పాండెంట్' ఇంకా బరువు. మాటలను మెట్ల మీద పెట్టుకుంటే సరిపోతుంది. ఒక్క హెచ్చరిక. కొన్ని మాటలు మోతాదు మాటల్లా కనిపిస్తాయి కానీ కావు. ఢిల్లీ దగ్గు విషయంలో వైద్యులు 'అక్యూట్' అంటారు, 'క్రానిక్' అంటారు. 'క్రానిక్' అంటే బాగా ముదిరిందని చాలామంది భయపడతారు. వైద్యంలో 'అక్యూట్' అంటే హఠాత్తుగా వచ్చినది. 'క్రానిక్' అంటే చాలాకాలంగా వదలనిది. ఇక్కడ కొలుస్తున్నది కాలాన్ని, తీవ్రతను కాదు.

అసలు కష్టమంతా మొగ్గు దగ్గరే ఉంది. పరీక్షలు రాసేవారు పోగొట్టుకునే మార్కులూ ఇక్కడే ఎక్కువ. అందుకే దీని మీద కాస్త ఎక్కువసేపు నిలవాలి.

డబ్బు ఖర్చు పెట్టని మనిషిని తీసుకుందాం. ఢిల్లీలో పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లుండే ముఖర్జీ నగర్‌లో ఒక గదిలో ముగ్గురు కుర్రాళ్లు అద్దెకుంటారు. ఇంటి నుంచి వచ్చిన డబ్బు నెలాఖరు దాకా రావాలని ఆటో ఎక్కరు, మెట్రో దిగి నడిచి వస్తారు. పాత పుస్తకాలు కొని చదువుతారు. వీళ్లు 'ఫ్రూగల్'. వీళ్లు 'థ్రిఫ్టీ'. తెలుగులో పొదుపరులు. ఇక గురుగ్రామ్‌లో పెద్ద జీతం తీసుకుంటూ, టీ తాగి డబ్బులిచ్చే వేళకు ఫోను చెవిన పెట్టుకుని పక్కకు తప్పుకునే మనిషి ఉంటాడు. అతను 'స్టింజీ'. తెలుగులో పిసినారి. ఇంకా ముదిరితే 'మైజర్లీ', అంటే లోభి. ఎంగిలి చేత్తో కాకిని కూడా తోలనివాడన్న మాట. 'పార్సిమోనియస్' అనే పెద్ద మాట కూడా ఈ పిసినారి వైపుదే. చూడటానికి హుందాగా ఉంటుంది కానీ మెచ్చుకోలు కాదు. కుర్రాళ్లూ ఖర్చు పెట్టరు, ఉద్యోగీ ఖర్చు పెట్టడు. పని ఒకటే. మొగ్గు వేరు.

ఢిల్లీలో పెరిగే తెలుగు పిల్లలకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లీషు. 1948లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ చొరవతో మొదలైన ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ బడుల్లో తరతరాల పిల్లలు ఈ మూడు భాషల మధ్యే పెరిగారు. అలాంటి పిల్లవాడికి 'స్టింజీ' అంటే హిందీలో కంజూస్ అని చెబితే చాలు, ముఖం చిట్లిస్తాడు. 'ఎకనామికల్' అంటే కిఫాయతీ అని చెబితే దుకాణం బోర్డు గుర్తొస్తుంది. ఏ దుకాణదారూ తన సరుకు కంజూస్ అని రాసుకోడు. మొగ్గు ఎటో పిల్లవాడికి అప్పటికే తెలుసు. తెలిసినదాన్ని ఇంగ్లీషు మాటకు తగిలించడమే మిగిలింది.

మాట్లాడే మనిషి సంగతీ ఇంతే. తెలుగులో మాటకారి అంటే మెచ్చుకోలు. వసపిట్ట అంటే ముద్దు. వాగుడుకాయ అంటే విసుగు. ఇక సుత్తి అంటే ద్వారకలో మెట్రో ఎక్కి నోయిడా దాకా పక్క సీటువాడి చెవి వదలని మనిషి. ఇంగ్లీషులో 'ఎలొక్వెంట్' అంటే మాటకు పదునూ అందమూ ఉన్నవాడు. 'లొక్వేషస్' అంటే విపరీతంగా మాట్లాడేవాడు. ఇందులో తిట్టు తక్కువ. 'గ్యారులస్' అంటే పనికిరాని విషయాల మీద సాగదీసేవాడు. సుత్తికి దగ్గరి మాట ఇదే. మంత్రిగారి ప్రసంగం 'ఎలొక్వెంట్' అని రాస్తే మెప్పు. 'గ్యారులస్' అని రాస్తే కొరడా దెబ్బ.

తక్కువ మాట్లాడేవారికీ విశేషణాలున్నాయి. క్లుప్తంగా చెప్పాడు అంటే గౌరవం. ముక్తసరిగా చెప్పాడు అంటే ముఖం మీద తలుపు వేసినట్టు. ఇంగ్లీషులో 'కన్సైజ్' క్లుప్తం. 'కర్ట్' ముక్తసరి, అందులోనూ కాస్త దురుసు. ఈ రెంటి నడుమ 'లాకానిక్' ఉంది. ప్రాచీన గ్రీసులో స్పార్టా ఉన్న సీమ లాకోనియా. అక్కడివాళ్లు ఒకటి రెండు మాటల్లో జవాబు తేల్చేసేవాళ్లని పేరు. ఆ సీమ పేరే విశేషణమైంది.

మొగ్గు గురించి రేడియోలోనే ఒక ప్రసిద్ధమైన చమత్కారం పుట్టింది. 1948లో బీబీసీ వారి బ్రెయిన్స్ ట్రస్ట్ కార్యక్రమంలో తత్వవేత్త బెర్ట్రండ్ రసెల్ మొండితనాన్ని వ్యాకరణంలో పురుషల వరుసలో పెట్టి చూపించాడు. అదే గుణం ఉత్తమ పురుషలో ఉంటే దృఢత్వం, మధ్యమ పురుషకు వచ్చేసరికి మొండితనం, ప్రథమ పురుషలో ఉన్న పాపానికి ఆ ఎదురుగా లేనివాడిది మూర్ఖత్వం. తెలుగువారికి ఇది కొత్త కాదు. మనవాడిది పట్టుదల, పక్కింటివాడిది మొండిపట్టు. ఇంగ్లీషులో 'రెజొల్యూట్', 'టెనేషియస్' పట్టుదల వైపు. 'అబ్‌స్టినేట్', 'పిగ్‌హెడెడ్' మొండిపట్టు వైపు. 'స్టబ్బర్న్' ఎక్కువగా మొండిదే, కానీ అప్పుడప్పుడు మెప్పు వైపూ తొంగి చూస్తుంది. క్రికెట్‌లో రోజంతా వికెట్ పడకుండా ఆడితే 'స్టబ్బర్న్' అని మెచ్చుకుంటారు.

ఇక పొత్తు. తెలుగు వంటింట్లో అన్నం పాచిపోతుంది. బియ్యం ముక్కిపోతాయి. పాలు విరుగుతాయి. గుడ్డు మురిగిపోతుంది. టమాటా కుళ్లుతుంది. అన్నిటి భావమూ చెడిపోవడమే. అయినా పాలు ముక్కిపోయాయి అంటే చిన్నపిల్లలు కూడా నవ్వుతారు. ఇంగ్లీషు వంటిల్లు కూడా అంతే. రొట్టె 'స్టేల్'. వెన్న, నూనె 'రాన్సిడ్'. పాలు 'సవర్'. మాంసం 'ప్యూట్రిడ్'. ఈ మాటలు ఏ వస్తువుతో కలిసి వస్తాయో ఆ వస్తువుతోనే నేర్చుకోవాలి. ఉత్త 'రాన్సిడ్' అని కాక 'రాన్సిడ్ బటర్' అని.

కష్టమైన అనే భావానికి కూడా అదే వరస. వ్యాయామం 'స్ట్రెన్యుఅస్'. ప్రయాణం 'ఆర్డ్యుఅస్'. బాధ్యత 'ఆనరస్'. ఈ చివరి మాట విని దీన్ని గౌరవం అనే అర్థమున్న 'ఆనర్'కు చుట్టం అనుకునేవారున్నారు. కాదు. లాటిన్‌లో బరువు అనే మాట నుంచి వచ్చింది. మోయలేని బాధ్యత అని భావం.

పొత్తు ఎంత ముఖ్యమో ఆకాశవాణి తెలుగు వార్తలు విన్నవారికి వేరే చెప్పనక్కర్లేదు. దశాబ్దాల పాటు ఆ వార్తలు ఢిల్లీ నుంచే వెలువడ్డాయి. ఇంగ్లీషులో చేతికొచ్చిన వార్తను తెలుగులోకి మార్చి, ఆ అనువాదం చేసినవారే మైకు ముందు కూర్చుని చదివేవారు. ఊరి పరిస్థితి 'టెన్స్' అని ఉంటే ఉద్రిక్తం. రోగి పరిస్థితి 'క్రిటికల్' అని ఉంటే విషమం. 'స్టేబుల్' అని ఉంటే నిలకడ. ఊరికి విషమం, రోగికి ఉద్రిక్తం అని ఎవరూ చదవలేదు. గడియారం తరుముతున్నా సరైన విశేషణం సరైన నామవాచకం పక్కకు చేరేది. పొత్తు నోటికి రావడం అంటే అదే.

ఇంతకీ ఇంగ్లీషులో ఒక్క భావానికి ఇన్ని మాటలు ఎందుకు? చరిత్ర వల్ల. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఏలికల భాష ఫ్రెంచి అయింది. చదువుల భాష లాటిన్. జనం భాష పాత ఇంగ్లీషు. మూడూ కలిసిపోయి మూడు పొరల మాటలు మిగిలాయి. రాచ అనే భావానికి 'కింగ్లీ' ఇంటి మాట, 'రాయల్' ఫ్రెంచి మాట, 'రీగల్' లాటిన్ మాట. తెలుగుకూ మూడు పొరలున్నాయి. కొత్త కోడలు అంటారు. నూతన వధూవరులు అంటారు. నయా పైసా అంటారు. నూతన చెప్పులు కొన్నాను అని ఎవరూ అనరు. అచ్చతెలుగు ఇంట్లో, సంస్కృతం శుభలేఖలో, ఉర్దూ బజారులో. పరీక్ష పేపరు తయారుచేసేవారు చాలాసార్లు చేసే పని ఒక పొర మాట ఇచ్చి ఇంకో పొర మాట అడగడమే. 'పెటర్నల్' ఇచ్చి 'ఫాదర్లీ' అడుగుతారు. 'ఫ్రటర్నల్' ఇచ్చి 'బ్రదర్లీ' అడుగుతారు.

పర్యాయపదాలు కంఠస్థం చేయడం మన దేశంలో చాలా పాత చదువు. అమరసింహుడి అమరకోశాన్ని పిల్లలు శ్లోకాలుగా అప్పజెప్పేవారు. దాని మూడో కాండలో విశేష్యనిఘ్న వర్గం అని ఒక భాగముంది. విశేష్యానికి లోబడి నడిచే మాటలు, అంటే విశేషణాలు. వాటికి ప్రత్యేకంగా ఒక వర్గమే కేటాయించారన్న మాట. తెలుగులో పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం, ఆడిదము సూరకవి ఆంధ్రనామశేషం పద్యాల్లో అల్లిన పర్యాయపదాలే. పద్యం రాసేవాడికి గణానికి సరిపోయే మాట తట్టాలి. అందుకోసం ఆ కంఠస్థం.

ఇంగ్లీషులో ఇలాంటి పేరున్న పుస్తకం రోజె థెసారస్. పీటర్ మార్క్ రోజె వృత్తిరీత్యా వైద్యుడు. ఆ పుస్తకం 1852లో అచ్చయింది. సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు మద్రాసులో అచ్చయినదీ ఆ సంవత్సరమే. రెంటి పనీ వేరు. బ్రౌన్ అర్థం చెబుతాడు, వాడుక చూపిస్తాడు. రోజె భావాల వారీగా మాటలను గుంపులు కడతాడు, తేడా చెప్పడు. భాష వచ్చినవాడికి మరచిపోయిన మాట గుర్తు చేసే పుస్తకం అది. కొత్తగా నేర్చుకునేవాడి చేతిలో ఒక్కోసారి ప్రమాదం. 'ఫ్రూగల్' పక్కన 'పార్సిమోనియస్' కనిపిస్తే చాలు, తాతగారి పొదుపును మెచ్చుకోబోయి పిసినారి అని రాసి కూర్చుంటాడు. నేర్చుకునేవారికి వాక్యాలతో అర్థం చెప్పే లర్నర్స్ డిక్షనరీ మేలు. ఎ.ఎస్. హార్న్‌బీ ఆధ్వర్యంలో తయారై 1948లో ఆక్స్‌ఫర్డ్ పేరుతో వచ్చిన నిఘంటువు ఆ కోవలో పెద్దది.

ఢిల్లీలో ఈ విశేషణాలకు గిరాకీ పోటీ పరీక్షల వల్లే. లోధీ రోడ్డులోని స్టాఫ్ సెలక్షన్ కమిషన్, షాజహాన్ రోడ్డులో ధోల్‌పూర్ హౌస్‌లో ఉన్న యూపీఎస్సీ, 2022 నుంచి విశ్వవిద్యాలయ ప్రవేశాలకు జరిగే సీయూఈటీ, అన్నిటా ఏదో ఒక రూపంలో పర్యాయపదాలు తగులుతాయి. అందుకే ముఖర్జీ నగర్ కోచింగ్ సెంటర్ల చుట్టుపక్కల దుకాణాల్లో పదాల జాబితాల పుస్తకాలు గుట్టలుగా ఉంటాయి. నార్మన్ లూయిస్ 1949లో రాసిన వర్డ్ పవర్ మేడ్ ఈజీ నేటికీ వాటి మధ్యే ఉంటుంది.

ఒక ప్రశ్నను దగ్గరగా చూస్తే తయారీ తెలుస్తుంది. మాట 'ఫ్రూగల్'. ఇచ్చిన జవాబులు నాలుగు. 'ఫ్రేల్', 'లావిష్', 'పూర్', 'థ్రిఫ్టీ'. ఒక్కొక్కటీ ఒక్కో వల. 'ఫ్రేల్' అక్షరాల్లో దగ్గర. అర్థం బలహీనమైన అని. కంటితో మాత్రమే చదివినవారు దీంట్లో పడతారు. 'లావిష్' వ్యతిరేకార్థం. తొందరలో అడిగింది పర్యాయపదమా, వ్యతిరేకపదమా చూసుకోనివారు ఇందులో పడతారు. 'పూర్' అనేది ఊహ మీద వేసిన వల. డబ్బు ఖర్చు పెట్టడంటే లేదు కాబోలు అనిపిస్తుంది. మిగిలింది 'థ్రిఫ్టీ'. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ గ్రాడ్యుయేట్ పరీక్ష మొదటి అంచెలో గంటలో నూరు ప్రశ్నలు. తప్పు జవాబుకు అర మార్కు కోత. వలలు పనిచేసేది ఆ హడావుడిలోనే. శబ్దంలో దగ్గరగా ఉండే జంటలను విడిగా చూసుకోవడం తప్పదు. 'ఎమినెంట్' అంటే పేరున్న, 'ఇమ్మినెంట్' అంటే ముంచుకొస్తున్న. 'ఇండస్ట్రియస్' అంటే కష్టించే, 'ఇండస్ట్రియల్' అంటే పరిశ్రమలకు చెందిన.

యూపీఎస్సీ వారి సైనిక పరీక్షల్లో మాటను వాక్యంలో పెట్టి దాని కింద గీత గీస్తారు. ఇది ఒకరకంగా న్యాయమైన పద్ధతి. గుమాస్తా 'కర్ట్' జవాబు విని వచ్చినవాడు మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు అని వాక్యం ఉందనుకుందాం. 'కర్ట్' తెలియకపోయినా, మాడిన మొహం మొగ్గు ఎటో చెబుతోంది. మెచ్చుకోలు మాటలను అక్కడికక్కడే కొట్టేయవచ్చు.

ఇక నేర్చుకునే తీరు. పర్యాయపదాలన్నిటినీ ఒకే రోజు ఒకే గుంపుగా నేర్చుకోవడమే చాలామంది చేసేది. పుస్తకాలూ అలాగే ఇస్తాయి. చూడటానికి సబబుగానే ఉంటుంది. కానీ 1990లలో థామస్ టింకమ్ చేసిన ప్రయోగాల్లో ఒకే కోవకు చెందిన కొత్త మాటలను కలిపి నేర్పితే అవి ఒకదానితో ఒకటి కలగాపులగమై, నేర్చుకోవడం మందగించింది. కాబట్టి గుంపులో ముందు ఒక్కటే పట్టుకోవాలి. 'థ్రిఫ్టీ'ని ఈ వారం నేర్చుకుని, వాక్యంలో పెట్టి, నోటికి అలవాటయ్యాక 'ఫ్రూగల్' దగ్గరికి పోవాలి. 'పార్సిమోనియస్' ఆ తర్వాత. ప్రతి కొత్త మాటనూ పాతదాని పక్కన నిలబెట్టి అవే మూడు ప్రశ్నలు. మోతాదు ఎంత? మొగ్గు ఎటు? పొత్తు ఎవరితో?

మరచిపోవడం గురించి జర్మన్ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే ప్రచురించాడు. నేర్చిన దాంట్లో ఎక్కువ భాగం మొదటి రోజుల్లోనే జారిపోతుంది. తర్వాత జారడం నెమ్మదిస్తుంది. అందుకే మళ్లీ చూడటం మొదట దగ్గర దగ్గరగా, పోనుపోను దూరం దూరంగా ఉండాలి. 1970లలో సెబాస్టియన్ లైట్నర్ దీనికి ఒక పెట్టె చెప్పాడు. అట్టపెట్టెలో అయిదు అరలు. చీటీకి ఒకవైపు మాట, రెండోవైపు ఆ మాట ఉన్న వాక్యం. జవాబు వస్తే చీటీ తర్వాతి అరలోకి, రాకపోతే తిరిగి మొదటి అరలోకి. మొదటి అర రోజూ చూడాలి, చివరిది నెలకోసారి. ఫోన్లలో ఇప్పుడున్న చాలా పదాల ఆప్‌లు ఈ పెట్టె వారసులే. చెప్పుల డబ్బా ఉంటే ఆప్ అక్కర్లేదు.

ధాతువులు తెలిస్తే సగం శ్రమ తగ్గుతుంది. లాటిన్‌లో 'మాగ్నస్' అంటే పెద్ద, 'అనిమస్' అంటే మనసు. 'మాగ్నానిమస్' అంటే పెద్ద మనసున్న. 'బెనె' అంటే బాగా, 'మలె' అంటే చెడుగా. 'బెనెవొలెంట్' మేలు కోరే, 'మలెవొలెంట్' కీడు కోరే. కానీ ధాతువును గుడ్డిగా నమ్మకూడదు. 'ఎగ్రీజియస్' అంటే ధాతువు ప్రకారం మంద నుంచి వేరుగా నిలిచిన. ఒకప్పుడు మెచ్చుకోలు. ఇప్పుడు మాత్రం ఘోరమైన అని అర్థం. మోతాదు ధాతువు చెప్పవచ్చు, మొగ్గు మాత్రం నేటి వాడుకే చెప్పాలి. 'నొటోరియస్' కూడా అంతే. పేరు మోసిన అనే అర్థం ఉన్నా ఆ పేరు చెడ్డపేరే. మన దేశంలో అల్లరి పిల్లలను కూడా 'నొటోరియస్' అంటుంటారు. బయటి దేశాలవారు వింటే ఆ పిల్లవాడి మీద ఏదో పోలీసు కేసు ఉందనుకుంటారు.

వాడుక తెలియడానికి రోజూ కాస్త ఇంగ్లీషు పత్రిక చదవడం మంచి దారి. సంపాదకీయంలో విశేషణాలు దట్టంగా ఉంటాయి. అయితే ప్రతి కొత్త మాటకూ ఆగితే ఒక పేరా దాటడానికి పూట పడుతుంది. ఒక వ్యాసంలో రెండు మూడు మాటలు ఎంచుకుని, వాటి పక్కనున్న నామవాచకంతో సహా రాసుకుంటే చాలు. తర్వాత పైకి చదవాలి. చెవికి పడిన మాట 'ఫ్రేల్', 'ఫ్రూగల్' లాంటి వలలో అంత తేలికగా చిక్కదు.

గుర్తుపట్టే మాటలు వేరు, వాడే మాటలు వేరు. సివిల్స్ మెయిన్స్‌లోని ఇంగ్లీషు పేపరులో నూటికి పాతిక వస్తే గట్టెక్కినట్టే. ఆ మార్కులు మిగతావాటితో కలవవు. అక్కడ వ్యాసంలో 'లొక్వేషస్', 'పార్సిమోనియస్' దట్టించాల్సిన పని లేదు. 'టాకటివ్', 'స్టింజీ' అని రాసినా అర్థం పోదు, తప్పు పడే భయమూ తక్కువ. పెద్ద మాటను రాతలో పెట్టాలనుకుంటే, అచ్చులో అది ఏ నామవాచకంతో కనిపించిందో అదే నామవాచకంతో మొదట వాడి చూడాలి. 'ఆనరస్ డ్యూటీ' అని చదివినవారు ముందు 'డ్యూటీ'తోనే రాసి, ఆ తర్వాత 'టాస్క్'తో, 'రెస్పాన్సిబిలిటీ'తో జతకట్టి, అనుమానం వస్తే లర్నర్స్ డిక్షనరీలో ఉదాహరణ వాక్యం చూసుకోవచ్చు.